మోటారు పందెములు, పడవ పందెములు : ఛాయాగ్రాహకుని వృత్తి

పందెములో పరుగెత్తు కారును కన్ను చూచును గాని నిలుపుకొనలేదు. రెప్పపాటులో అది కనుమరుగగును. మరునాటి వార్తాపత్రికలో అదే కారు కాగితముపై నిలిచియుండును. ఐనను చూచువారికి అది పరుగెత్తుచున్నట్లే తోచును. కదలని బొమ్మలో వేగము ఎట్లు కనిపించును? దానిని తీసినవారు ఏ లెక్కను అనుసరించి తీసిరి? ఆ పనిని జీవనోపాధిగా చేసికొనదలచిన యువతీయువకులు ఏమేమి నేర్వవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మన నాట జరిగిన పందెములు

ఇట్టి పందెములు విదేశములలోనే జరుగునని అనుకొనరాదు. 2018 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణానదిలో ఫార్ములా వన్ మరపడవల ప్రపంచ పోటీలలో ఒకటి జరిగెను. ఈ మరపడవ సుమారు 6 మీటర్ల పొడవుండును. రెండు సన్నని దోనెలను పక్కపక్కన చేర్చి, నడుమ గాలి దూరునట్లు కట్టిన ఆకారము దానిది. లోనికి దూరిన గాలి పడవను పైకెత్తుటచే నీటి రాపిడి తగ్గి, గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగము వచ్చును.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో, హుస్సేనుసాగరము ఒడ్డున, విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచ పోటీయైన ఫార్ములా ఇ జరిగెను. నగరపు రోడ్లనే 2.83 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చిరి. అందులో 18 మలుపులు ఉండెను. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. అదే హుస్సేనుసాగరములో తెరచాప పడవల పోటీలు ఎన్నో ఏండ్లుగా జరుగుచున్నవి. 2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురము వద్ద కాలువలో తెడ్ల పడవల పందెములు జరిగెను.

ఏర్గట్ల బడిలో చదువుకొను విద్యార్థికి ఇవన్నియు దూరపు మాటలుగా తోచవచ్చును. హైదరాబాదు పోవుటకే సగము దినము పట్టును; పందెపు కారును దగ్గర నుండి చూచు అవకాశము ఎపుడో గాని రాదు. ఐనను ఈ విద్యలోని ముఖ్యమైన భాగమును పాఠశాల మైదానమున, ఒక సైకిలు సహాయముతో నేర్చుకొనవచ్చును. ఇది ఊరడింపునకు చెప్పు మాట కాదు. లెక్కతో నిరూపింపదగిన విషయము.

వేగమును ఆపుట

ఛాయాచిత్రకళ పుట్టిన కొత్తలో పలకపై బొమ్మ పడుటకు చాల సెకనులు పట్టెడిది. కదలు వస్తువు ఆ బొమ్మలో మసకగా పడెడిది, లేదా అసలే పడెడిది కాదు. తరువాత పలకల సూక్ష్మగ్రాహ్యత పెరిగెను. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు కెమెరాలను వరుసగా పేర్చి, గుర్రము దాటుచుండగా ఒక్కొక్క షట్టరు తెరచుకొనునట్లు ఏర్పాటు చేసెను. దౌడు తీయు గుర్రపు నాలుగు కాళ్ళును ఒక క్షణమున నేలను వదలునని ఆ బొమ్మలు తేల్చినవి. కంటికి అందని సత్యమును కెమెరా చూపెను. పందెముల ఛాయాగ్రహణమునకు అది పునాది యనవచ్చును.

ఇపుడు మన లెక్కకు వత్తము. గంటకు 180 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 50 మీటర్లు. బాటకు 40 మీటర్ల దూరమున నిలిచి, 200 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకముతో కారును తీయుచున్నామనుకొందము. దూరపు వస్తువు ఎన్నవ వంతు బొమ్మగా పడునో తెలియుటకు నాభ్యంతరమును దూరముతో భాగించిన చాలును. 0.2 మీటరును 40 మీటర్లతో భాగింపగా 200లో ఒక వంతు వచ్చును. 5 మీటర్ల పొడవు గల కారు 25 మిల్లీమీటర్ల బొమ్మగా పడును. ఆ బొమ్మ పడు సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు. పూర్వపు ఫిల్ము చట్రము వెడల్పును అంతియే. కనుక కారు చక్కగా ఇముడును.

కారు సెకనుకు 50 మీటర్లు పోవుచుండగా, లోపలి బొమ్మ అందులో 200వ వంతు, అనగా సెకనుకు 250 మిల్లీమీటర్లు జరుగుచుండును. షట్టరు సెకనులో 1000వ వంతు తెరచియున్నను బొమ్మ పావు మిల్లీమీటరు జరుగును. ఇది స్వల్పమనిపించును గాని కాదు. బొమ్మ 0.03 మిల్లీమీటరునకు మించి జరిగినచో, పెద్దదిగా అచ్చు వేసినపుడు అంచులు చెదరిపోవును. అంత తక్కువ జరుగవలెనన్నచో షట్టరు సెకనులో 8000వ వంతు మాత్రమే తెరచియుండవలెను. మంచి కెమెరాల యాంత్రిక షట్టరునకు సాధారణముగా అదియే తుది హద్దు.

అట్లు తీసినచో అంతయు స్పష్టముగా వచ్చును. కాని ఒక చిక్కు కలదు. కారు చక్రము చుట్టుకొలత సుమారు 2 మీటర్లనుకొన్నచో, అది సెకనుకు 25 మార్లు తిరుగును. సెకనులో 8000వ వంతు కాలమున అది ఒక డిగ్రీకి కొంచెము మించి మాత్రమే తిరుగును. చక్రపు ఆకులన్నియు లెక్కపెట్టుటకు వీలుగా కనిపించును. చూచినవారు, కారు రోడ్డుపై ఆగియున్నదని అనుకొందురు! స్పష్టత వచ్చినది గాని వేగము పోయినది.

ఎదురుగా వచ్చు కారు

కారు పక్కనుండి పోవుటకును, మనకు ఎదురుగా వచ్చుటకును భేదము కలదు. ఎదురుగా వచ్చు కారు అడ్డముగా జరుగదు; దాని బొమ్మ క్రమముగా పెద్దదగును. పై ఉదాహరణమునందే, కారు మధ్య రేఖనుండి అంచు ఒక మీటరు దూరమున ఉన్నదనుకొన్నచో, ఆ అంచు బొమ్మ సెకనుకు సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. 250 ఎక్కడ, 6 ఎక్కడ! అందువలన సెకనులో 1000వ వంతుతోనే బొమ్మ నిగనిగలాడుచు వచ్చును. ఛాయాగ్రాహకులు మలుపునకు ఎదురుగా చోటు వెదకుకొనుటకు ఇది ఒక కారణము.

అపుడు మరియొక చిక్కు వచ్చును. సెకనులో పదవ వంతు కాలమున కారు 5 మీటర్లు ముందునకు వచ్చియుండును. మనము 40 మీటర్ల వద్ద స్పష్టముగా కుదిర్చిన కటకమునకు అది అప్పటికి 35 మీటర్ల వద్ద ఉండును. పూర్వము ఛాయాగ్రాహకులు రోడ్డుపై ఒక గుర్తునకు ముందుగానే ఫోకసు కుదిర్చి, కారు ఆ గుర్తును చేరు క్షణమున మీట నొక్కెడివారు. నేటి కెమెరాలు కారు వేగమును లెక్కించి, మరుక్షణమున అది ఎక్కడ నుండునో ఊహించి ఫోకసును తామే కుదుర్చుకొనును.

ఎండకాలమున ఇంకొక ఆటంకము కలదు. ఏప్రిల్, మే నెలలలో తారు రోడ్డుపై గాలి వేడెక్కి, దాని సాంద్రత తావుతావునకు మారుచుండును. కాంతి వక్రీభవనము చెంది దూరపు వస్తువు అలలుగా కదలును. ఎండమావికి కారణమైనదియు ఇదే. ఎంత ఖరీదైన కటకమైనను దీనిని మాన్పలేదు. దగ్గరకు పోవుట, లేదా ఉదయమే తీయుట తప్ప వేరు మార్గము లేదు.

కెమెరాను త్రిప్పుట

కారు స్పష్టముగా నుండవలెను, వేగమును కనిపింపవలెను. ఈ రెండును ఒకే బొమ్మలో రావలెనన్నచో, కారుతోపాటు కెమెరాను త్రిప్పవలెను. దీనిని ప్యానింగు అందురు. కెమెరా కారును వెంబడించుటచే కారు బొమ్మ ఒకే చోట నిలుచును. వెనుకనున్న చెట్లు, జనము, గోడలు చారలుగా సాగును. షట్టరు సెకనులో 60వ వంతు తెరచియున్నచో, వెనుకటి దృశ్యము 4 మిల్లీమీటర్లకు కొంచెము మించి జరుగును. చక్రము ఆ కాలమున 150 డిగ్రీలు తిరుగుటచే దాని ఆకులు కలిసిపోయి వలయముగా కనిపించును. ఇపుడు చూచువారికి కారు పరుగు తెలియును.

కెమెరాను ఎంత వేగముగా త్రిప్పవలెను? కోణీయ వేగము తెలియవలెనన్నచో, కారు వేగమును దూరముతో భాగింపవలెను. 50ని 40తో భాగింపగా సెకనుకు 1.25 రేడియన్లు, అనగా సుమారు 72 డిగ్రీలు.

ఇపుడు ఏర్గట్ల పాఠశాల మైదానమునకు పోవుదము. ఒక విద్యార్థి సైకిలుపై గంటకు 18 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నాడు. మనము అతని దారికి 4 మీటర్ల దూరమున నిలిచియున్నాము. 5ను 4తో భాగింపుడు. మరల 1.25 రేడియన్లే! హుస్సేనుసాగరము ఒడ్డున పందెపు కారును వెంబడించు చేతికిని, ఇచ్చట సైకిలును వెంబడించు చేతికిని కావలసిన త్రిప్పుడు ఒక్కటే. చేతికి తెలియునది కోణము మాత్రమే. ఎదుట పోవునది కోట్ల రూపాయల కారో, అన్నగారి పాత సైకిలో దానికి తెలియదు.

అంతేకాదు. 50 మిల్లీమీటర్ల మామూలు కటకముతో, సెకనులో 15వ వంతు షట్టరు తెరచి సైకిలును తీసినచో, వెనుకటి దృశ్యము కారు బొమ్మలో జరిగినంతయే, 4 మిల్లీమీటర్లకు కొంచెము మించి, జరుగును. విద్యార్థులు స్వయముగా లెక్కవేసి చూడవలెను.

ఈ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. చేయి కారు కంటె నూటికి ఒక వంతు వెనుకబడినను 60వ వంతు షట్టరులో కారు బొమ్మ 0.04 మిల్లీమీటరు జరిగి అంచులు చెదరును. అందువలన అనుభవజ్ఞులకును అనేక బొమ్మలలో కొన్ని మాత్రమే కుదురును. పాదములు కదలింపక, నడుము నుండి పైభాగమును మాత్రము త్రిప్పవలెను. మీట నొక్కిన తరువాత గూడ త్రిప్పుట మానరాదు. ఈ అలవాటు పుస్తకములవలన రాదు; వందల మార్లు చేయుటవలననే వచ్చును.

వంగిన చక్రము

ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్తీగ్ అను యువకుడు 1912–13 ప్రాంతమున గ్రాండ్ ప్రీ పందెములో తీసిన బొమ్మ ఒకటి ప్రసిద్ధము. అందులో కారు చక్రము గుండ్రముగా లేదు. అండాకారముగా ముందునకు వాలియున్నది. దారి పక్క జనము వెనుకకు వాలియున్నారు. అతని కెమెరా షట్టరు ఒక చీలిక గల తెర. ఆ చీలిక పలక మీదుగా జరుగుచు, దృశ్యములో నేలకు దగ్గరి భాగమును ముందు, పై భాగమును తరువాత నమోదు చేసెను. చక్రము పైభాగము నమోదగు వేళకు కారు ముందునకు పోయినది; కనుక చక్రము ముందునకు వాలినది. కెమెరాను త్రిప్పుచుండుటచే నిలిచియున్న జనము బొమ్మ వెనుకకు జరిగినది. కనుక వారు వెనుకకు వాలిరి. నేటి సెల్‌ఫోను కెమెరా గూడ సెన్సరును వరుస తరువాత వరుసగా చదువును. వేగముగా పోవు బస్సు కిటికీనుండి తీసిన బొమ్మలో కరెంటు స్తంభములు వాలియుండుట పాఠకులు చూచియే యుందురు. కారణము అదియే.

నీటిమీద

పడవ పందెములలో లెక్క తిరగబడును. తెరచాప పడవ సెకనుకు 4 మీటర్లు పోవుచున్నదనుకొందము. 40 మీటర్ల దూరమునుండి దాని కోణీయ వేగము సెకనుకు 6 డిగ్రీలైనను ఉండదు. కాని ఛాయాగ్రాహకుడును పడవలోనే ఉండును. ఆ పడవ అలలపై ఊగుచుండును. సెకనుకు 10 డిగ్రీల ఊపు వచ్చినను, పందెపు పడవ కదలిక కంటె మన పడవ ఊపే ఎక్కువ! అందువలన మెల్లగా పోవు పడవను తీయుటకు గూడ సెకనులో 1000వ వంతు వాడవలసి వచ్చును.

రెండవ చిక్కు వెలుగు. తెల్లని తెరచాప, మెరయు నీరు కెమెరాలోని వెలుగు కొలమానమును మోసగించును. కొలమానము ప్రతి దృశ్యమును మధ్యరకపు బూడిద రంగుదని భావించి లెక్కించును. దాని మాట వినినచో తెల్ల తెరచాప మాసిన గుడ్డవలె పడును. కొలమానము చెప్పినదానికి రెట్టింపు వెలుగు ఇచ్చి చూచుట అనుభవజ్ఞుల పద్ధతి. నీటి తళుకును తగ్గించుటకు పోలరాయిడ్ ఫిల్టరు ఉపయోగపడును. నీటిపై పరావర్తనము చెందిన కాంతి కొంత ధ్రువితమై యుండుటయే దీనికి కారణము. లంబరేఖకు 53 డిగ్రీల కోణమున చూచునపుడు ఫలితము ఎక్కువ. కాని ఈ ఫిల్టరు వెలుగులో సగమునకు పైగా మ్రింగును. తళుకు పోవలెనా, షట్టరు వేగము నిలువవలెనా అని తేల్చుకొనవలెను.

ఎక్కడ నిలువరాదు

ఈ వృత్తిలో బొమ్మ కంటె ముందుగా నేర్వవలసినది ప్రాణరక్షణ. మలుపులో కారును బాటపై నిలుపునది టైరునకును రోడ్డునకును గల రాపిడియే. ఆ పట్టు తప్పినచో, జడత్వమువలన కారు స్పర్శరేఖ దిక్కుగా, అనగా మలుపు వెలుపలి వైపునకు దూసికొనిపోవును. మంచి బొమ్మ వచ్చు చోటును, ప్రమాదము వచ్చు చోటును తరచుగా ఒక్కటే. కనుకనే నిర్వాహకులు ఛాయాగ్రాహకులకు చోట్లు నిర్ణయింతురు. కంచె దాటరాదు, వచ్చు కార్లకు వీపు చూపరాదు, ఒక కన్ను కెమెరాలో నున్నను చెవి రోడ్డుపై నుండవలెను.

2013 జూలైలో జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ వద్ద జరిగిన ఫార్ములా వన్ పందెములో, చక్రములు మార్చు చోట ఒక కారునుండి ఊడిన చక్రము దొర్లి, ఒక కెమెరా పనివానికి తగిలి గాయపరచెను. అటుపిమ్మట ఆ చోటికి కెమెరాలవారి ప్రవేశమును కఠినముగా నియంత్రించిరి. విద్యుత్తు కార్లు పెట్రోలు కార్లవలె పెద్ద రొద చేయవు. అందువలన అచ్చట చెవిని మాత్రమే నమ్ముకొనరాదు. నీటిమీద పనిచేయువారు ఈత వచ్చినను ప్రాణరక్షక కోటు లేక పడవ ఎక్కరాదు. ఇంటివద్ద అభ్యాసము చేయువారు గూడ ఈ మాట మరువరాదు. 63వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలిచి లారీలను తీయబోవద్దు. మైదానము చాలును.

జీవనోపాధి

ఈ పనికి డబ్బిచ్చువారు ఎవరు? వార్తాపత్రికలు, వార్తా సంస్థలు, పందెపు జట్లు, వారికి డబ్బు పెట్టు వ్యాపార సంస్థలు, పోటీ నిర్వాహకులు. పందెపు బాట వద్దకు పోవుటకు నిర్వాహకుల అనుమతి పత్రము కావలెను. ఏదో ఒక పత్రిక లేదా సంస్థ తరఫున అడిగినవారికే సాధారణముగా అది లభించును. బొమ్మ బాగుండుట ఒక్కటియే చాలదు. పందెము ముగియకముందే పంపవలెను. ఎవరి కారో, ఏ నంబరో, ఏ మలుపో తప్పులేక వ్రాయవలెను. లేనిదానిని చేర్చి, ఉన్నదానిని తుడిచి వార్తా చిత్రమని పంపరాదు.

ఇతరుల కొరకు డబ్బు తీసికొని తీసిన ఛాయాచిత్రముపై, వేరు ఒప్పందము లేనిచో, భారతదేశపు 1957 కాపీరైటు చట్టము ప్రకారము మొదటి హక్కు పని చెప్పినవారిదే యగును. కనుక పనికి ముందే ఒప్పందమును కాగితముపై వ్రాసికొనుట మంచిది.

ఇక దాచరాని మాట ఒకటి కలదు. మన ప్రాంతమున పెద్ద పందెములు నిలకడగా జరుగుట లేదు. విజయవాడ మరపడవల పోటీ మరుసటి యేట రాలేదు. హైదరాబాదులో 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ ఫార్ములా ఇ పోటీ రద్దయ్యెను. ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ పోటీ 2011 నుండి 2013 వరకు మూడు మార్లు మాత్రమే జరిగెను. దేశీయ పోటీలకు మదరాసు సమీపమున ఇరుంగాట్టుకోట్టై, తమిళనాడులోనే కోయంబత్తూరు ముఖ్య స్థానములు. పందెములనే నమ్ముకొని ఇల్లు గడుపుట కొలదిమందికే సాధ్యము.

దీనికి ఉపాయము మన రైతే చూపుచున్నాడు. ఏర్గట్ల, మోర్తాడు, బాల్కొండ ప్రాంతముల రైతు పసుపు వేయును. అది చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. అంతవరకు ఊరకుండక పసుపుతోపాటు మొక్కజొన్న వేయును. అది ముందుగా చేతికి వచ్చి ఖర్చులకు ఆదుకొనును. బోధను వైపు చెరకు రైతు ఒకే కర్మాగారమును నమ్ముకొనగా, 2015లో అది మూతపడినపుడు పడిన ఇక్కట్లు జిల్లాలో అందరికిని తెలిసినవే. పందెముల చిత్రము పసుపు వంటిది. పెండ్లిండ్లు, బడి వార్షికోత్సవములు, కబడ్డీ పోటీలు మొక్కజొన్న వంటివి. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ (1844–1905) నిజాము వేటలను, సైనిక విన్యాసములను తీసినవాడే. స్టూడియోలో సామాన్యుల రూపచిత్రములను తీసినవాడును అతడే.

క్రమముగా చదువదలచినవారికి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున ఛాయాగ్రహణములో పట్టపు చదువు కలదు. అచ్చటికి పోవుటకు ముందే ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును చేయింపవచ్చును. మైదానమున సున్నముతో ఒక గీత గీసి, దానికి 4 మీటర్ల దూరమున ఒక గుర్తు పెట్టవలెను. గీత వెంట 20 మీటర్లను 4 సెకనులలో దాటునట్లు సైకిలు నడిపింపవలెను. షట్టరు కాలమును మార్చుటకు వీలున్న కెమెరాతో, లేదా ఆ వసతి గల సెల్‌ఫోనుతో, సెకనులో 15వ, 60వ, 250వ, 1000వ వంతులలో పదేసి బొమ్మలు తీయవలెను. ఏ కాలమున ఎన్ని కుదిరినవో, ఎందులో చక్రము తిరుగుచున్నట్లు కనిపించెనో పట్టికలో వ్రాయవలెను. మరుసటి వారము మరల అదే ప్రయోగము చేసి రెండు పట్టికలను పోల్చి చూచినచో, చేయి ఎంత నేర్చినదో విద్యార్థికే తెలియును.